సరుకు మీద పరాయి చెయ్యి

2023 డిసెంబర్ 12న అమెరికా వీడియో గేమ్ కంపెనీల సంఘం ఒక చిన్న ప్రకటన చేసి చేతులు దులుపుకుంది. ఈ-త్రీ అనే వార్షిక ప్రదర్శన ఇక ఎప్పటికీ జరగదని దాని సారాంశం. 1995లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ఈ ప్రదర్శన ఆఖరి నాలుగేళ్ళూ కొనఊపిరితోనే ఉంది. 2020లో కోవిడ్ వల్ల రద్దయింది, 2021లో ఆన్‌లైన్‌కే పరిమితమైంది, 2022లో మళ్ళీ రద్దయింది. 2023లో కొత్త నిర్వాహకుల చేతికిచ్చి తేదీలు కూడా ఖరారు చేశాక పెద్ద కంపెనీలు రామన్నాయి, మార్చి నెలాఖరుకల్లా అదీ అటకెక్కింది. అందుకే మరణవార్త ఎవరినీ పెద్దగా ఆశ్చర్యపరచలేదు. అప్పుడు వినిపించిన వివరణ దాదాపు ఒక్కటే. ఇంటర్నెట్ వచ్చేసింది, కంపెనీ తన ట్రైలర్‌ని నేరుగా యూట్యూబ్‌లో పెడితే కోట్ల మంది చూస్తారు, ఇంకా హాలు అద్దెకి తీసుకుని లక్షల డాలర్లు తగలెయ్యడం దేనికి? వినడానికి బాగానే ఉంది. కానీ ప్రదర్శన అంటే ప్రకటన చేసే వేదిక అని ఈ వివరణ ముందే ఒప్పేసుకుంటోంది. ప్రకటన కోసమే అయితే ప్రదర్శన నిజంగానే దండగ. నా లెక్క వేరు. వాణిజ్య ప్రదర్శనలో అసలు విలువ ఉండేది, స్టాలుకి డబ్బు కట్టిన కంపెనీ కూడా అదుపు చెయ్యలేని భాగంలో. పక్క స్టాల్లో పోటీదారు ఏ ధర చెబుతాడో, తలుపులు తెరవగానే జనం ఎటు పరిగెడతారో, ముక్కూ మొహం తెలియని మనిషి కంట్రోలర్ పట్టుకుని మూడు నిమిషాలకే పక్కన పెట్టేస్తాడో లేదో, ఇవేవీ కంపెనీ చేతిలో ఉండవు. కొనేవాళ్ళకీ, చిన్న తయారీదారులకీ, చివరికి మొత్తం పరిశ్రమకీ లాభం అక్కడే. పెద్ద కంపెనీలు తప్పించుకున్నది కూడా సరిగ్గా దాన్నుంచే.

మొదటికి వెళ్తే, 1990ల ఆరంభంలో అమెరికా గేమ్ కంపెనీలకి సొంత గూడంటూ లేదు. టీవీలు, స్టీరియోలు అమ్మేవాళ్ళ సీఈఎస్ ప్రదర్శనలో ఒక మూల సర్దుకునేవి. 1991లో తమని వెనకెక్కడో డేరాలోకి నెట్టారని, వాన పడి ఆ నీళ్ళు తమ మెషిన్ల మీదే కారాయని సేగా అమెరికా శాఖ అధిపతి టామ్ కాలిన్‌స్కీ తర్వాత ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చారు. ఆ అవమానం ఒక కారణమైతే, ఇంకొకటి బయటి నుంచి వచ్చిన బెదురు. 1993 చివర్లో సెనేటర్లు జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ హింసాత్మక గేమ్‌ల మీద విచారణలు మొదలుపెట్టారు. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని కంపెనీలు మరుసటేడు ఒక సంఘంగా ఏర్పడి, వయసును బట్టి రేటింగులిచ్చే పద్ధతి తెచ్చుకున్నాయి. ఆ సంఘమే 1995 మే నెలలో లాస్ ఏంజెలెస్ కన్వెన్షన్ సెంటర్‌లో మొదటి ఈ-త్రీ పెట్టింది. మే నెల ఊరికే ఎంచుకున్నది కాదు. అమెరికాలో గేమ్‌ల అమ్మకాలకి అసలు పండగ క్రిస్మస్. టాయ్స్ ఆర్ అస్ లాంటి దుకాణాల తరఫున సరుకు ఎంపిక చేసేవాళ్ళు వేసవిలోనే ఏది ఎన్ని వేలు కొనాలో తేల్చుకోవాలి. షెల్ఫులో చోటు పరిమితం, ఎంచుకున్నది అమ్ముడుపోకపోతే నష్టం వాళ్ళదే. అందుకని ఈ-త్రీ పుట్టుకలో జాతర కాదు, సంత. పశువుల సంతలో అమ్మేవాడు ఎద్దు గొప్పలు ఎన్నయినా చెప్పుకోవచ్చు గానీ, కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టకుండా ఆపలేడు. దుకాణాల కొనుగోలుదారులు ఆ హాల్లో చేసింది అచ్చంగా ఆ పనే. ఒక స్టాల్లో ఆడి, పక్క స్టాల్లో ఆడి, సాయంత్రానికి లెక్క వేసుకునేవారు.

ఆ మొదటి ఏడే ఈ ఏర్పాటు తన పని చేసి చూపించింది. మే 11న కాలిన్‌స్కీ వేదిక మీదికొచ్చి, సెప్టెంబర్‌లో రావాల్సిన సేగా శాటర్న్ గేమ్ మెషిన్‌ని ముందుకు జరిపామని, నాలుగు దుకాణాల గొలుసుల్లో ఇప్పటికే అమ్మకానికి ఉందని, ధర 399 డాలర్లని చెప్పారు. పోటీదారులని మట్టి కరిపించే ఎత్తు అనుకున్నారు. అదే రోజు సోనీ వంతు వచ్చింది. సోనీ అమెరికా గేమ్ విభాగం అధిపతి స్టీవ్ రేస్ కాగితాలు పట్టుకుని మైకు దగ్గరికి నడిచి, తమ ప్లేస్టేషన్ ధరగా 299 అనే ఒక్క అంకె చెప్పి దిగిపోయారు. చప్పట్లు మోగాయి. అంకెల తేడా వంద డాలర్లే. కానీ ఆ రెండు ధరలనీ ఒకే రోజు, ఒకే ప్రాంగణంలో విన్నవాళ్ళలో ఆర్డర్లు రాయాల్సినవాళ్ళూ ఉన్నారు. నాలుగు గొలుసులకే ముందు సరుకిచ్చినందుకు మిగిలినవాళ్ళు మండిపడ్డారు, కేబీ టాయ్స్ అయితే శాటర్న్‌ని తన షెల్ఫుల్లో పెట్టనే పెట్టలేదు. ఇదే సంగతి రెండు కంపెనీలూ వేరువేరు వారాల్లో, వేరువేరు వీడియోల్లో చెప్పుకుని ఉంటే ఏమయ్యేది? ఎవరి చప్పట్లు వాళ్ళకి మిగిలేవి. పోలిక అనే పదునైన పని జనం చెయ్యాల్సి వచ్చేది, తీరిక ఉన్నప్పుడు, చాతనైనంత. ప్రదర్శన ఆ పోలికని ఒకే రోజులోకి, ఒకే గోడల మధ్యకి నెట్టింది. సేగా ఒక్కటే వేదికని అదుపు చెయ్యగలిగి ఉంటే ఆ మధ్యాహ్నం అసలు ఉండేదే కాదు.

2006లో ఇదే జరిగింది గానీ ఈసారి తీర్పు జనం కాళ్ళు చెప్పాయి. సోనీ ప్లేస్టేషన్ 3కి 499, 599 డాలర్ల రెండు ధరలు ప్రకటించి అందరినీ నోరెళ్ళబెట్టేలా చేసింది. నింటెండో స్టాల్లో వీ అనే చిన్న తెల్లపెట్టె, టీవీ రిమోట్ లాంటి కంట్రోలర్. దాని గ్రాఫిక్స్ శక్తి పోటీదారులతో పోలిస్తే చాలా తక్కువ. కాగితం మీద చూస్తే గెలిచే అవకాశమే లేదు. తలుపులు తెరిచాక జనం సోనీ స్టాలు దాటుకుంటూ నింటెండో వైపు పరిగెత్తారు, గంటల తరబడి వరసలో నిలబడ్డారు. రిమోట్‌ని రాకెట్‌లా ఊపి టెన్నిస్ ఆడడం ట్రైలర్‌లో చూస్తే వేళాకోళంగానే కనిపిస్తుంది. చేత్తో ఊపి చూస్తే తప్ప అందులో మజా తెలియదు. తెలిసినవాళ్ళు బయటికొచ్చి పక్కవాళ్ళకి చెప్పారు. ఆ ఏడు విమర్శకుల బృందం ప్రదర్శన మొత్తానికీ ఉత్తమమని వీనే ఎంచింది, తర్వాత అది పది కోట్ల పైన అమ్ముడుపోయింది. ప్రదర్శనలో వరస పొడుగు చూసి అమ్మకాలు అంచనా వెయ్యొచ్చని నేననను, అలా బోల్తాపడినవీ ఉన్నాయి. వరస చెప్పేది ఒక్కటే. కంపెనీ చెప్పే కథతో సంబంధం లేకుండా, సరుకు ముట్టుకున్న మనిషి ఏమనుకున్నాడో అది చెబుతుంది.

2013 సంగతి ఇంకా ముచ్చటైనది. ఎందుకంటే అప్పటికి యూట్యూబ్ ఉంది, ట్విటర్ ఉంది, నింటెండో పెద్ద వేదిక కార్యక్రమం మానేసి సొంత వీడియోలకి మళ్ళిపోయింది కూడా. మైక్రోసాఫ్ట్ కొత్త ఎక్స్‌బాక్స్ వన్‌ని మే నెలలో తన సొంత కార్యక్రమంలోనే ఆవిష్కరించింది. రోజుకోసారి ఇంటర్నెట్‌తో సరిచూసుకోవాలి, కొన్న డిస్కుని ఇంకొకరికి అమ్మాలన్నా ఇవ్వాలన్నా ఆంక్షలుంటాయి. విమర్శలొచ్చినా కంపెనీ పట్టు సడలించలేదు. జూన్ 10న ఈ-త్రీ వచ్చింది. ధర 499 డాలర్లని మైక్రోసాఫ్ట్ ఉదయం చెప్పింది. సాయంత్రం సోనీ ప్లేస్టేషన్ 4 ధర 399 అని, ఒకరు వాడిన గేమ్‌లు ఇంకొకరు నిరభ్యంతరంగా ఆడుకోవచ్చని చెప్పింది. అంతటితో ఆగకుండా ఒక చిన్న వీడియో వదిలింది. గేమ్‌ని స్నేహితుడికి ఎలా ఇవ్వాలో నేర్పే పాఠం అది. సోనీ అధికారి షుహే యోషిదా డిస్కు డబ్బాని పక్కనున్న సహోద్యోగికి అందిస్తారు, అతను థాంక్స్ అంటాడు, పాఠం సమాప్తం. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తన ఆంక్షలన్నీ వెనక్కి తీసుకుంది. వారాల తరబడి వచ్చిన విమర్శలు చెయ్యలేనిది ఒక్క రోజు ఎదురెదురు పోలిక తొమ్మిది రోజుల్లో చేయించింది. దీన్నుంచి లాభపడింది సోనీ ఒక్కటే అనుకుంటే పొరపాటు. తర్వాత ఎక్స్‌బాక్స్ కొన్న ప్రతి కుటుంబమూ ఆ పోటీ ఫలం అనుభవించింది.

మరి ఇంత పనికొచ్చేది ఎందుకు పడిపోయింది? ఇంటర్నెట్ తప్పు కొంత, కానీ మొదటి చీడ లోపలి నుంచే పట్టింది. 2005 నాటికి హాజరు 70 వేలకి చేరింది. అందులో సరుకు కొనేవాళ్ళెవరో, ఎలాగో పాసు సంపాదించిన అభిమానులెవరో తేల్చడం కష్టమైంది. స్టాళ్ళ ఖర్చు కంపెనీకి లక్షలు దాటి మిలియన్ల డాలర్లకి పాకింది. సంఘం కంగారుపడి 2007లో శాంటా మోనికా హోటళ్ళకి మార్చి, ఆహ్వానితులకి మాత్రమే పరిమితం చేసి, హాజరుని దాదాపు పది వేలకి కుదించేసింది. అది మరీ చప్పగా ఉందని 2009లో మళ్ళీ పాత పద్ధతికి తిరిగింది. ఈ ఊగిసలాట జరుగుతుండగానే నేల కదిలిపోయింది. గేమ్‌లు డౌన్‌లోడ్‌లయ్యాయి, డిజిటల్ దుకాణంలో షెల్ఫు కొరత లేదు, క్రిస్మస్ సరుకు కోసం జూన్‌లో ఆర్డరు రాసే మనిషి అవసరం తగ్గిపోతూ వచ్చింది. సంతకి కొనేవాడు రాకపోతే అది ఇంకేదో కావాలి. ఏం కావాలో ఈ-త్రీ తేల్చుకోలేకపోయింది. కొన్నాళ్ళు పత్రికల పండగ, 2017 నుంచి టికెట్ కొన్న పదిహేను వేల మంది అభిమానుల జాతర. అభిమానులకి సరిపడా ఆట మెషిన్లు లేవు, వ్యాపారులకి మాట్లాడుకునే ప్రశాంతత లేదు. సంఘం ఆదాయంలో దాదాపు సగం ఈ ప్రదర్శన నుంచే వచ్చేదని పత్రికల కథనాలు చెప్పాయి. అలాంటప్పుడు ప్రదర్శన ఎవరికోసం అనే ప్రశ్న అడిగే ధైర్యం నిర్వాహకులకి ఎలా వస్తుంది? ఏటా హాలు నిండితే చాలు.

ఈలోగా పెద్దలు ఒక్కొక్కరే సర్దుకున్నారు. నింటెండో 2011లో డైరెక్ట్ పేరిట సొంత వీడియోలు మొదలుపెట్టింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2016లో హాలు బయటికొచ్చి వేరు కుంపటి పెట్టింది. సోనీ 2019లో పూర్తిగా మానేసింది. వ్యాపార దృష్టితో చూస్తే వాళ్ళది తెలివైన పని. వీడియోలో పొరపాటు దొర్లితే మళ్ళీ తీసుకోవచ్చు, పోటీదారు మధ్యలో వచ్చి 299 అనడు, విలేఖరి నిలబడి ప్రశ్న అడగడు, ఎవరూ కంట్రోలర్ విసిరేసి పోరు. కానీ కంపెనీకి తెలివైనది జనానికి మేలైనదని ఎవరన్నారు? ఆ ఖాళీలో 2020 నుంచి జెఫ్ కీలీ నడుపుతున్న సమ్మర్ గేమ్ ఫెస్ట్ నిలబడింది. 2024లో అందులో ఒక నిమిషం ట్రైలర్‌కి రెండున్నర లక్షల డాలర్లు వసూలు చేశారని పత్రికల్లో వచ్చింది. కొన్ని గేమ్‌లకి ఉచితంగానే చోటిస్తారు, అది నిజమే. అయినా నిమిషాల లెక్కన చోటు అమ్ముకునే కార్యక్రమానికి తెలుగులో మనకి బాగా తెలిసిన పేరుంది, యాడ్లు. హాలు అద్దె వృథా అని వదిలేసినవాళ్ళు ఇప్పుడు ఆ డబ్బే సెకన్ల లెక్కన కడుతున్నారు. తేడా ఏమిటంటే, పాత ఖర్చుకి ముట్టుకునే వీలు కూడా వచ్చేది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ప్రదర్శనలు నిజం బయటపెడతాయంటున్నావు, మరి అక్కడ చెప్పినన్ని అబద్ధాలు ఇంకెక్కడైనా చెప్పారా? నిజమే. 2005లో సోనీ వేదిక మీద కిల్‌జోన్ కొత్త గేమ్ వీడియో చూపిస్తే హాలు ఉర్రూతలూగింది. అది మెషిన్ మీద నడుస్తున్న గేమ్ కాదని, ఇలా ఉండాలని ముందే తీర్చిదిద్దిన వీడియో అని తర్వాత తేలింది. 2018లో సైబర్‌పంక్ 2077ని తలుపులు మూసిన గదుల్లో దాదాపు గంట సేపు విలేఖరులకి చూపించారు. ఆ డెమోలో చాలా భాగం ఉత్తుత్తిదేనని 2021లో బ్లూంబర్గ్ రాసింది, స్టూడియో అధిపతి దాన్ని కాదన్నారు. వాదం ఎటు తేలినా, 2020 డిసెంబర్‌లో విడుదలైన గేమ్ పాత మెషిన్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచే కొన్ని నెలలు తీసేసింది. అయితే ఈ రెండు ఉదాహరణల్లో ఒక పోలిక చూడండి. మొదటిది వేదిక మీది తెర, రెండోది మూసిన గది. రెండింట్లోనూ చూసేవాళ్ళ చేతికి కంట్రోలర్ ఇవ్వలేదు. అబద్ధం బతికింది ప్రదర్శనలోని ప్రదర్శన కాని భాగంలో, అంటే కంపెనీ అదుపు పూర్తిగా ఉన్న చోట. హాల్లో అందరూ ఆడగలిగే స్టాల్లో కూడా మెరుగులు దిద్దిన ఒక్క ముక్కనే పెడతారు, అదీ ఒకరకం మోసమే అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆ ముక్క కనీసం నడవాలి, వేలమంది చేతుల్లో మూడు రోజులు నడవాలి. కాబట్టి అబద్ధాల చరిత్ర నా వాదనకి ఎదురు తిరగడం లేదు, ఇంకొంచెం బిగిస్తోంది. ఇప్పుడు మనకి మిగిలినవన్నీ తెరలూ మూసిన గదులే కదా.

రెండో అభ్యంతరానికి నా దగ్గర అంత తేలికైన జవాబు లేదు. ఆ డెమో ముక్క తయారుచెయ్యడానికి స్టూడియోలు అసలు గేమ్ పని పక్కన పడేసి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి రాత్రింబవళ్ళు కష్టపడేవి. జూన్ తేదీ దేవుడి తేదీలా కదలదు. తాత్కాలికంగా అతికించిన కోడు ప్రదర్శన అవగానే చెత్తబుట్టలోకి పోయేది, అలసిపోయిన మనుషులు మాత్రం మిగిలేవారు. ఈ-త్రీ పోయాక ఈ బాధ తగ్గిందా అంటే, కొంత తగ్గింది. గేమ్ సిద్ధమైనప్పుడే వీడియో వదిలే స్వేచ్ఛ వచ్చింది. కానీ జూన్‌లో ఆన్‌లైన్ కార్యక్రమాలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి, ఆగస్టులో ఇంకో విడత, డిసెంబర్‌లో అవార్డుల రాత్రి. ఏడాదికి ఒక గడువు పోయి నాలుగైదు వచ్చాయి. ఆ గడువులకి ఆడగలిగే గేమ్ అక్కర్లేదు, మెరిసే వీడియో చాలు. ఇది శ్రమ తగ్గించిందో, శ్రమని గేమ్ నుంచి యానిమేషన్‌కి మళ్ళించిందో లోపలివాళ్ళే చెప్పాలి.

సంస్కృతి సంగతికొస్తే పాత ప్రదర్శనలని వెనకేసుకు రావడానికి నాకు మనసు రాదు. చెవులు చిల్లులు పడే స్పీకర్లు, విలేఖరులకి ఉచితంగా పంచే సంచులు, చాలీచాలని బట్టల్లో స్టాళ్ళ ముందు నిలబెట్టిన అమ్మాయిలు. 2006లో ఆ చివరి పద్ధతి మీద 5,000 డాలర్ల జరిమానా పెట్టాల్సి వచ్చిందంటే అది ఎంత మామూలైపోయిందో ఊహించుకోవచ్చు. 2019లో హాజరైన రెండు వేలకి పైగా విలేఖరుల చిరునామాలు, ఫోన్ నంబర్లు నిర్వాహకుల వెబ్‌సైట్లోంచి బయటికి పొక్కాయి. గేమ్ విలేఖరులని, ముఖ్యంగా మహిళలని వేధించే గుంపులున్న కాలంలో అది చిన్న నిర్లక్ష్యం కాదు. మగపిల్లల ఆటస్థలంలా పుట్టిన పరిశ్రమ తన అద్దంలో తానే అలా కనిపించింది. కానీ అద్దం బహిరంగంగా ఉండబట్టే నలుగురూ వేలెత్తి చూపగలిగారు, నియమం మారింది. వేడుకలు ఎవరి స్టూడియోలో వాళ్ళు రికార్డు చేసుకుంటే వేలెత్తి చూపడానికీ ఏమీ ఉండదు.

ఈ-త్రీ చావుని అన్ని ప్రదర్శనల చావుగా చూసేవాళ్ళు జర్మనీ వైపు ఒకసారి చూడాలి. కొలోన్ నగరంలో 2009 నుంచి జరుగుతున్న గేమ్స్‌కామ్‌కి 2019లో 3,73,000 మంది వచ్చారు, కోవిడ్ తర్వాత 2024లో 3,35,000 మంది. అక్కడ వ్యాపారులకి హాళ్ళు వేరు, ప్రజలకి హాళ్ళు వేరు. చిబాలో జరిగే టోక్యో గేమ్ షో మొదటి రోజులు వ్యాపారానికి, తర్వాతి రోజులు జనానికి అని ఎప్పుడో విడదీసుకుంది. ఎవరు దేనికి వస్తున్నారో తెలిసినచోట ప్రదర్శన బతికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే గేమ్ తయారీదారుల సమావేశం జీడీసీ ఇంకా తెలివైనది, ఎందుకంటే అది ప్రదర్శనగా పుట్టనే లేదు. 1988లో క్రిస్ క్రాఫర్డ్ అనే రూపకర్త శాన్‌హోసేలోని తన ఇంటి హాల్లో పాతిక ముప్పై మంది తోటివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుకోవడంతో మొదలైంది. పాఠాలు, ప్రయోగాలు, ముఖాముఖీలు దాని సరుకు. కటమారి డమాసీ అనే జపాన్ గేమ్ కథ అక్కడిదే. దొరికిన ప్రతి వస్తువునీ అంటించుకుంటూ పెరిగే ఒక ముద్దని దొర్లించడమే ఆ ఆట. ఇది జపాన్ దాటి అమ్ముడుపోతుందా అని ఎవరికైనా అనుమానమే. 2004లో జీడీసీ ప్రయోగాత్మక గేమ్‌ల సభలో చూపిస్తే తోటి రూపకర్తలు వెర్రెత్తిపోయారు, ఆ స్పందన చూశాక దాని తయారీ సంస్థ నామ్‌కో దాన్ని అమెరికాలో విడుదల చేసింది. ఏ మార్కెటింగ్ విభాగమూ ఆ హాలుని రాసిపెట్టుకోలేదు. జీడీసీ పూర్తి పాసు ఖరీదు రెండు వేల డాలర్ల పైనే ఉన్న ఏళ్ళలో, పాసు కొనకుండా ఎదుటి యెర్బా బ్వేనా తోటలో గడ్డి మీద కూర్చుని బేరాలు కుదుర్చుకునే చిన్న స్టూడియోలవాళ్ళు ఏటా కనిపించేవారు. ఈ-త్రీ రోజుల్లోనూ డెవాల్వర్ డిజిటల్ అనే ప్రచురణ సంస్థ హాల్లో స్టాలు తీసుకోకుండా ఎదుటి పార్కింగ్ స్థలంలో ట్రైలర్ బళ్ళు నిలిపి తన గేమ్‌లు ఆడించేది. పెద్ద స్టాలు చుట్టూ పెరిగిన ఈ పచ్చిక మీద ఎంత పరిశ్రమ బతికిందో హాజరు లెక్కల్లో కనిపించదు.

ఇక ఆఖరి అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. ముట్టుకుని చూడడమే విలువైతే ఆ పని ఇప్పుడు ఇంటర్నెట్టే చేస్తోంది కదా? వాల్వ్ కంపెనీ నడిపే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ అనే ఆన్‌లైన్ ఉత్సవంలో వారం రోజులు డెమోలన్నీ ఉచితం. లాస్ ఏంజెలెస్‌కి టికెట్ కొనలేని బెజవాడ కుర్రాడు కూడా తన గదిలో కూర్చుని ఆడొచ్చు. 70 వేల మంది భాగ్యాన్ని కోట్ల మందికి పంచిన ఏర్పాటు ఇది. ఇందులో కాదనడానికి ఏమీ లేదు. కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇది పాత ప్రదర్శనకన్నా మేలే. చిక్కు తయారుచేసేవాడి వైపు ఉంది. ఈమధ్య ఒక్కో విడతలో రెండు వేలకి పైగా డెమోలు వస్తున్నాయి. వాటిలో జనం కంటపడేవి కొన్నే. అంటే ప్రచారానికి డబ్బున్నవాడిదే మళ్ళీ పైచెయ్యి. పైగా ఎంతమంది ఎన్ని నిమిషాలు ఆడారో గ్రాఫు చెబుతుంది గానీ, రెండో మెట్టు దగ్గర ఆటగాడు నొసలు ఎందుకు చిట్లించాడో చెప్పదు. బల్లకి అవతల నిలబడి చూసిన రూపకర్తకి ఆ ఒక్క చూపుతో నెల రోజుల పని తెలిసిపోతుంది. ఆ పక్కనే నిలబడి చూస్తున్న ప్రచురణకర్తకి కూడా.

మన దగ్గరికొస్తే ఈ చర్చ మరింత సూటిగా తగులుతుంది. భారత గేమ్ తయారీదారుల వార్షిక సమావేశం ఐజీడీసీ చాలా ఏళ్ళు హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిగింది, 2025లో చెన్నైకి తరలింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి హైదరాబాద్‌లో పెద్ద స్టూడియో ఉంది, అసుర లాంటి సొంత గేమ్ చేసిన ఓగర్ హెడ్ లాంటి చిన్న స్టూడియోలూ ఇక్కడివే. అమెరికా వీసా కోసం నెలలు ఎదురుచూసి, లక్షలు పోసి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి గడ్డిలో కూర్చోవడం వీళ్ళకి ఏటా కుదిరే పని కాదు. పుణేలో తయారైన రాజీ: యాన్ ఏన్షంట్ ఎపిక్ 2020 ఆగస్టులో నింటెండో సొంత ఆన్‌లైన్ కార్యక్రమంలో ప్రపంచం కంటపడింది కదా, ప్రదర్శన దేనికి అని అడగొచ్చు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ కొన్ని నిమిషాల చోటు ఎవరికివ్వాలో నింటెండో తేల్చింది. తలుపు ఒకటే, తాళం వాళ్ళ దగ్గరే. ఇంకో సంగతి కూడా ఉంది. మన రెండు రాష్ట్రాల్లో గేమింగ్ అనగానే పెద్దలకి ఆన్‌లైన్ రమ్మీ గుర్తొస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. కథలూ బొమ్మలూ కోడూ రాసే పిల్లలు ఆ గాటన కట్టబడుతున్నారు. 1993లో అమెరికా కంపెనీలకి ఎదురైన చిక్కు కూడా ఇలాంటిదే. తమ మొహం తామే నలుగురికీ చూపించుకునే చోటు లేనివాళ్ళ గురించి ఇతరులే నిర్వచనాలు రాస్తారు.

ప్రభుత్వాలు ఇప్పుడు ఈ రంగానికి చేయూతనిస్తామంటున్నాయి, 2025 మేలో ముంబైలో కేంద్రం వేవ్స్ పేరిట భారీ సదస్సే పెట్టింది. అలాంటి సభల్లో వేదిక వెడల్పు, మంత్రుల ప్రసంగాలు, సంతకాలైన ఒప్పందాల విలువ పత్రికల్లో ప్రముఖంగా వస్తాయి. ఈ-త్రీ కూలిపోవడానికి కారణమైన సరుకు సరిగ్గా అదే. ఆ డబ్బులో కొంత వేదిక మీద కాకుండా కింద ఖర్చుపెట్టాలి. నలుగురు మనుషుల స్టూడియోకి ఉచితంగా ఒక బల్ల, రెండు మెషిన్లు, కరెంటు ఇవ్వాలి. కొలోన్ నుంచీ టోక్యో నుంచీ పదిమంది ప్రచురణకర్తల విమాన ఖర్చులు భరించి, ఆ బల్లల మధ్య రెండు రోజులు తిరగడం తప్ప వాళ్ళకి ఇంకో కార్యక్రమం పెట్టకూడదు. మూడో రోజు గేట్లు తీసి, అయిదో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా పిల్లలని లోపలికి వదలాలి. వాళ్ళు ఏ బల్ల దగ్గర ఆగారో, ఏది మూడు నిమిషాల్లో వదిలేశారో ఆ ప్రచురణకర్తలు కూడా నిలబడి చూడాలి.